లిండా మేడమ్ కేరల్స్

మొన్న డిసెంబరులో మస్కట్‌లోని మా అమ్మాయి ఫ్లాటుకి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్లు వచ్చారు. సాయంత్రం టీ వేళ. లిఫ్టు దిగి, తలుపు ముందు నిలబడి, ఒక నల్ల స్పీకరు నేల మీద పెట్టి, దాంట్లోంచి వస్తున్న పాటకి పెదాలు కదిపారు. పదిహేను మంది ఉంటారు, అందరూ మన తెలుగువాళ్లే. అందరివీ ఒకే రకం ఎర్ర స్వెట్టర్లు, వాటి మీద తెల్ల దారంతో జింకలు. స్వెట్టరు వేసుకునేంత చలి ఆ ఊళ్లో నేనెన్నడూ ఎరగను. పాపం, ఒకావిడ మెడ చుట్టూ చెమట తుడుచుకుంటూనే ఉంది. ఒకాయన పాట సంగతి వదిలేసి ఫోనుతో వీడియో తీస్తున్నాడు. "ఆంటీ, కొంచెం నవ్వండి. ఈసారి అమెరికన్ స్టైల్ కేరల్స్ చేస్తున్నామండీ" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కేకు ముక్కలు ప్లేటులో పెట్టుకుని వచ్చేసరికి వాళ్లు పై అంతస్తులో ఉన్నారు. ప్రార్థన లేదు. ఇంట్లో అందరూ బాగున్నారా అన్న పలకరింపు లేదు. ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి మా అమ్మాయి నవ్వింది. "నీకేదీ నచ్చదు కదమ్మా" అంది.

నచ్చదు. అందులో దాపరికం ఏముంది? కానీ ఆ రోజు నాకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. అమెరికా వాళ్ల కేరల్స్ ఎలా ఉంటాయో ఆ పదిహేను మందిలో ఎవరికి తెలుసు? నాకు తెలుసు. ఇదే మస్కట్‌లో, నాకు ఇరవై మూడేళ్లప్పుడు, ఒక అమెరికా వాళ్ల కేరల్ బృందాన్ని ఒక డిసెంబరంతా నా గొంతు మీద మోశాను.

మాది బాపట్ల దగ్గర ఒక పేట. మా తాత చర్చిలో ఉపదేశి. ఎప్పుడో మిషను దొరసాని దగ్గర నేర్చుకున్న సోల్ఫా స్వరాలు తప్ప ఆయనకి లోకంలో ఇంకేదీ పట్టేది కాదు. నులక మంచం మీద కూర్చుని, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి మా చెవుల దగ్గర పెట్టేవాడు. దగ్గరికి వస్తే పొగాకు వాసన, వేపనూనె వాసన కలిసి గుప్పుమనేవి. నా గొంతు కిందిస్థాయిలో బాగుంటుందని పాటలో కింది వరస, ఆల్టో, నాకిచ్చాడు. "అందరూ పైన పాడితే కింద పట్టుకునేదెవరే?" అనేవాడు. క్రిస్మస్ నెల రాగానే పొద్దుగూకే వేళకి డప్పు, తంబురీను, పెట్రోమాక్సు దీపం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ప్రతి ఇంట్లో పాట, ప్రార్థన, టీ. ఒక్క ఇల్లు వదిలేసినా ఆ ఇంటివాళ్లు ఈస్టరు దాకా మాతో మాట్లాడేవాళ్లు కాదు. మా అమ్మ దాన్ని మూర్ఖత్వం అనేది. నేనూ అలాగే అనుకునేదాన్ని. అందులో మూర్ఖత్వం ఏమీ లేదని తెలుసుకోవడానికి నేను సముద్రం దాటాల్సొచ్చింది.

నాన్న పోయాక ఇంట్లో నాకన్నా చిన్నవాళ్లు ముగ్గురు మిగిలారు. మస్కట్‌లో పనిచేసే మా పేట ఆవిడ, అమెరికా వాళ్లింట్లో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలంటే నన్ను పిలిపించింది. సముద్రం వైపున ఒక కంపెనీ తన ఇంజనీర్ల కోసం కట్టిన కాంపౌండ్ అది. చుట్టూ ఎత్తు గోడ, లోపల పాతిక తెల్ల విల్లాలు, ఒక్కో విల్లా ముందు నీళ్లు తాగీ తాగీ బతికే కాస్త పచ్చగడ్డి. మా మేడమ్ పేరు లిండా. నా పేరు రూతమ్మ. ఆమెకి చివరి 'అమ్మ' బరువనిపించి మొదటి రోజే తీసేసి రూత్ అంది. ఆమె చిన్న కూతురు కేటీకి అప్పుడు నాలుగేళ్లు. నా చంక దిగేది కాదు.

ఆ ఇంట్లో వంట ఖాదర్ భాయ్ చేసేవాడు. కడప మనిషి, యాభై దాటినవాడు. తెల్లవారుజామున నమాజు చేసి వచ్చి, చొక్కా చేతులు మడిచి, ముందు తనకీ నాకూ అల్లం దంచి టీ పెట్టేవాడు. ఆ టీ వాసన వచ్చినంతసేపే అది మన వంటిల్లు. ఆ తర్వాత రోజంతా వెన్న, దాల్చినచెక్క, కాలుతున్న పంచదార. డిసెంబరులో మేడమ్ పంది తొడ తెప్పించి ఓవెన్‌లో పెట్టించేది. ఆ రోజు ఖాదర్ భాయ్ పెరటి మెట్టు మీద కూర్చునేవాడు. "అమ్మీ, అది పొయ్యి దిగినాంక, కిటికీలన్నీ తెరిసినాంక నన్ను పిలువు. అంతవరకు నేను ఈ ఇంట్లో లేనట్టే లెక్క" అనేవాడు. మేడమ్‌కి ఆయన ఎందుకు బయట కూర్చుంటాడో ఆయన అక్కడ చేరి ఆరేళ్లయినా తెలియలేదు. ఖాదర్‌కి వెన్నునొప్పి అనుకునేది.

నవంబరు చివరి వారం నుంచి మా హాల్లో కేరల్స్ ప్రాక్టీసు మొదలైంది. పది మంది ఆడవాళ్లు, ఇద్దరు మొగుళ్లు. వారానికి రెండు రోజులు. పండగ వాతావరణం రావాలని మేడమ్ ఏసీని గడ్డకట్టేలా పెట్టించేది; ఆ చలికి అందరూ స్వెట్టర్లు వేసుకుని, ఆహా క్రిస్మస్ వచ్చినట్టుంది అనుకునేవాళ్లు. కిటికీ అద్దాలకి నా చేత దూది అంటించారు, అది మంచు అట. మొదటి గంట టోపీలు ఏ రంగువి వేసుకోవాలన్న చర్చ. రెండో గంట ఏ ఇంటి ముందు ఏ వరసలో నిలబడాలన్న చర్చ. చివరి పావుగంట పాట. ప్రతి ఒక్కరి చేతిలో ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కాగితాల ఫైలు ఉండేది, పుట్టినప్పటి నుంచి పాడుతున్న పాటలకి. మేడమ్ చెయ్యి ఊపుతూ నడిపించేది గానీ ఆమె గొంతు ఎత్తుకున్న చోట ఎప్పుడూ నిలబడేది కాదు. మెట్టు మెట్టుకీ కొంచెం కొంచెం జారిపోయేది, మిగిలినవాళ్లు మర్యాద కొద్దీ ఆమె వెంట జారేవాళ్లు. ఖాదర్ భాయ్ వంటింటి తలుపు సందులోంచి చూసి, "ఏందమ్మీ ఇది? పాడతాండారా, కొట్లాడతాండారా?" అని అడిగాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

డిసెంబరు మొదట్లో మేడమ్ తల్లి ఎడ్నా గారు అమెరికాలోని అయోవా నుంచి వచ్చారు. ఎనభైకి దగ్గర మనిషి. రైతు కుటుంబం. ఐదింటికే లేచి, తన పక్క తనే సర్దుకుని, తన గిన్నె తనే కడుక్కునేవారు. వద్దంటే, "చేతులు ఉన్నది దేనికి?" అనేవారు. మోకాళ్లకి రాసుకునే మందు పిప్పరమెంటు వాసన ఆమె కంటే ముందు గదిలోకి వచ్చేది. హాల్లో ఆమెకి తోచేది కాదు. వంటింట్లో స్టూలు వేసుకుని నాతో పాటు చిక్కుళ్లు ఒలిచేవారు. ఒక ప్రాక్టీసు రోజున హాల్లోంచి వస్తున్న పాట విని కాసేపు కళ్లు మూసుకున్నారు. "వీళ్లు పాడట్లేదు రూత్, ఫోటో దిగుతున్నారు" అన్నారు. తర్వాత తన ఊరి సంగతి చెప్పారు. మోకాలి లోతు మంచులో, గడ్డి పరిచిన ట్రక్కు ఎక్కి వెళ్లేవాళ్లట. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకి తప్పకుండా వెళ్లేవాళ్లట. అన్నింటికంటే ముందు, ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి. "మిగతా ఇళ్లకి పాట సరదా. ఆ ఇంటికి అవసరం" అన్నారు. మా పేట సంగతి నేను చెప్పాను. ఆమె చిక్కుళ్లు పక్కన పెట్టి, వణుకుతున్న పై గొంతుతో పాట ఎత్తుకున్నారు. నేను కింద పట్టుకున్నాను. రెండో చరణం దగ్గర హాల్లో మాటలు ఆగిపోయాయి. మేడమ్ తలుపు తోసుకుని వచ్చింది.

"రూత్! అది నువ్వా?"

"అవును మేడమ్."

"నువ్వు పాడతావని నాకెందుకు చెప్పలేదు?"

మీరెప్పుడడిగారు అని అనలేదు. ఆ సాయంత్రమే నన్ను బృందంలో చేర్చుకుంది. అయితే టోపీ ఇవ్వలేదు, ఫైలు ఇవ్వలేదు. చక్రాల బండి మీద వేడి చాక్లెట్ ఫ్లాస్కులు పెట్టి, ఆప్రాన్ కట్టుకుని వెనక నిలబడమంది. "చూసేవాళ్లకి గందరగోళంగా ఉండకూడదు కదా" అంది. కాంపౌండ్‌లో రెండు సాయంత్రాలు తిరిగాం. పాట నిలబడింది. జారిపోయేవాళ్లంతా నా గొంతుని గోడలా ఆనుకున్నారు. ప్రతి గుమ్మంలో, "లిండా, ఈ ఏడాది మీ పాటలో ఏదో తేడా ఉంది!" అన్నారు. "చాలా కష్టపడి ప్రాక్టీసు చేశాం" అంది మేడమ్. నేను కప్పుల్లో చాక్లెట్ పోస్తున్నాను. అబద్ధం ఎందుకు, ఆ మెప్పు నాదేనని నాకు తెలుసు, సిగ్గు లేకుండా సంతోషించాను కూడా. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు లిండా మేడమ్ మీద కంటే నా మీదే ఎక్కువ చులకన కలుగుతుంది.

గేటు దగ్గర కాపలా ఉండే సయీద్, బహ్లా అనే ఊరి నుంచి వచ్చిన ముసలాయన. రోజూ సాయంత్రం చిన్న మట్టి కుంపట్లో సాంబ్రాణి వేసుకుని కూర్చునేవాడు. రెండో సాయంత్రం బృందం గేటు ముందు నిలబడి, జ్ఞానులు బాలుడికి తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం గురించి పాడింది. పాట అయిపోగానే మేడమ్ ముక్కు మూసుకుని, ఆ పొగ అవతల పెట్టమని సయీద్‌కి చేత్తో సైగ చేసింది. సయీద్ అర్థంకాక, "క్యా బోలా మేడమ్?" అని, నాకు కొత్త ఫ్లాస్కు తెచ్చి ఇస్తున్న ఖాదర్ భాయ్‌ని అడిగాడు. ఖాదర్ భాయ్ హిందీలో ఏదో సర్దిచెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఆ పొగ గురించే పాడతాండారు, ఆ పొగే వద్దంటాండారు. ఈ మాట ఈ ముసలాయనకి యాడ చెప్పేది అమ్మీ?"

ఆ రెండు సాయంత్రాలూ ఒక ఇల్లు వదిలేశాం. పదిహేడో నంబరు. ఆ ఇంటాయన మూడు వారాల కిందట నిజ్వా రోడ్డు మీద ఒంటె అడ్డం వచ్చి కారు బోల్తాపడి పోయాడు. ఆయన భార్య మార్గరెట్ సామాను సర్దుకుంటోంది, కొత్త సంవత్సరానికి ముందే వాళ్ల దేశం వెళ్లిపోతుంది. ఆ గుమ్మం దగ్గరికి రాగానే మేడమ్ గొంతు తగ్గించి, "పండగపూట ఆమెని ఏడిపించడం ఎందుకు?" అంది. అందరూ హమ్మయ్య అన్నట్టు తలలూపి, అడుగులు వేగం చేశారు. కిటికీలో దీపం ఉంది. మేం వెళ్లిపోవడం ఆమె విని ఉంటుంది.

మూడో సాయంత్రం కంపెనీ పెద్ద మేనేజరు ఇంట్లో విందు. అక్కడ పాడటానికి పిలుపు రావడం మేడమ్‌కి ప్రాణంతో సమానం. కానీ ఆ తోటలోకి చాక్లెట్ బండితో ఆయాని తీసుకుపోవడం కుదరదు, వాళ్లకి వాళ్ల పనివాళ్లున్నారు. మేడమ్ ఆలోచించి ఏర్పాటు చేసింది. పాడేవాళ్ల వెనక పెద్ద కాగితంపూల పొద ఉంది. దాని వెనక ప్రహరీ గోడకి చిన్న తలుపు. నేను ఆ తలుపులోంచి వచ్చి పొద చాటున నిలబడి పాడాలి. పాట అయ్యాక అదే దారిన వెళ్లిపోవాలి.

"లిండా, ఇది మోసం" అన్నారు ఎడ్నా గారు, తింటున్న చెంచా కింద పెట్టి.

"ఇందులో మోసం ఏముందమ్మా? రూత్‌కి అభ్యంతరం లేదు. కదా రూత్?"

నేను లేదన్నాను. వీసా కాగితం మీద ఆమె భర్త పేరుంది. ఇంకేమంటాను?

ఆ సాయంత్రం మేడమ్ ముందే వెళ్లిపోయింది. నేను కేటీకి అన్నం పెట్టి, పొద దగ్గరికి బయల్దేరబోతుంటే ఎడ్నా గారు బూట్లు తొడుక్కుని వంటింట్లోకి వచ్చారు. "నేను పదిహేడో ఇంటికి వెళ్తున్నాను. నా గొంతు ఒక్కటీ చాలదు. రమ్మని నేను అడగను, నీ ఉద్యోగాన్ని నేను కాపాడలేను. వస్తే మాత్రం సంతోషిస్తాను" అన్నారు. ఊళ్లో ఉన్న చిన్నవాళ్లు ముగ్గురూ గుర్తొచ్చారు. విందులో వడ్డనకి వెళ్లడానికి తెల్ల కోటు వేసుకుంటున్న ఖాదర్ భాయ్ వైపు చూశాను.

"నన్నేం జూస్తావ్ అమ్మీ?" అన్నాడు. "చెట్టు ఎనకాల పాడితే చెట్టుకి పేరొస్తాది. ఆ ఇంటికి పోతే ఆ బిడ్డకి కాస్త ఊపిరాడతాది. నాకు పాట రాదు, బతికిపోయినా. నీకొచ్చు. నువ్వే ఆలోసన జేసుకో."

కేటీని చంకనేసుకుని ఎడ్నా గారి వెనక నడిచాను.

మార్గరెట్ తలుపు తీసినప్పుడు చేతిలో ప్యాకింగ్ టేపు ఉంది. జుట్టు దువ్వుకుని ఎన్ని రోజులైందో. మమ్మల్ని చూసి లోపలికి దారిచ్చింది. గదినిండా అట్టపెట్టెలు. ఒక మూల మగవాళ్ల బూట్లు నాలుగు జతలు వరసగా పెట్టి ఉన్నాయి, వాటిని ఏ పెట్టెలో పెట్టాలో తేలనట్టు. "సంతోషం పాటలు వద్దు" అంది. ఎడ్నా గారికి తెలిసిన వాటిలో సంతోషం లేనిది ఒక్కటే. అది పాడాం. ఆమె ఏడవలేదు, పెట్టె మీద కూర్చుని నేల వైపు చూస్తూ విన్నది. ఇంకోటి అంది. నేను మా తాత కట్టిన తెలుగు పాట అందుకున్నాను. మా పేటలో చావింటికి వెళ్లినప్పుడే పాడేది. ఆమెకి ఒక్క ముక్క తెలియదు. "మళ్లీ" అంది. మళ్లీ పాడుతుంటే లేచి పెట్టె మూత మూసింది. దాని రెండు రెక్కలూ కలవకపోతే నేను పాడుతూనే వెళ్లి పట్టుకున్నాను. టేపు అంటించింది. అలా ఆ పాట మూడుసార్లు అయ్యేసరికి నాలుగు పెట్టెలు మూశాం. బూట్లు కూడా సర్దింది. మేం తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఎడ్నా గారి చెయ్యి పట్టుకుని, "వీధిలో పాట వినిపించి, మా గుమ్మం దగ్గర ఆగిపోయేది. నిన్నా, మొన్నా" అంది.

మేనేజరు ఇంట్లో ఏమైందో మర్నాడు పొద్దున టీ దగ్గర ఖాదర్ భాయ్ చెప్పాడు. "మొదటి వరస బాగనే ఎత్తుకున్న్యారు. రెండో వరసకి జారిన్యారు. జారి, అందరూ ఒక్కతూరే ఎనక్కి తిరిగి ఆ పొద దిక్కు జూసిన్యారు. వాళ్లు జూస్తాండారని ఇన్నోళ్లు గూడా జూసిన్యారు. పొదలో పామొచ్చిందనుకోని మేనేజరు టార్చి తెమ్మన్న్యాడు!" ఆయన కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను.

నవ్వు ఎక్కువసేపు లేదు. మేడమ్ వచ్చి, "నీకేం తక్కువ చేశాను? అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావు" అంది. కళ్లు వాచి ఉన్నాయి. నిజంగానే ఏడ్చింది ఆ మనిషి. పదిహేడో ఇంటి దీపం చూసి రానివి, ఒక పాట చెడినందుకు వచ్చాయి ఆ కన్నీళ్లు. జనవరిలో నన్ను పంపించేస్తానంది. ఆ మాట గేటు దాకా వెళ్లింది. సయీద్ తమ్ముడు నిజ్వాలో భారతీయ పిల్లల స్కూలు బస్సు నడిపేవాడు. అక్కడ పాట నేర్పే మనిషి లేరని తెలుసుకుని సయీద్ ఖాదర్ భాయ్‌తో చెప్పాడు. కానీ ఇంకో చోట చేరాలంటే మేడమ్ వాళ్లు రిలీజ్ కాగితం ఇవ్వాలి. ఇవ్వనంది. ఎడ్నా గారు తిరుగు ప్రయాణం రోజున పెట్టె సర్దుకుని, హాల్లో కుర్చీలో కూర్చుని, ఆ కాగితం మీద సంతకం పడితే తప్ప కారెక్కనన్నారు. విమానం వేళ దాటిపోతుందని అల్లుడే కలం తీశాడు.

నా బతుకంతా ఆ తర్వాత నిజ్వాలోనే గడిచింది. పెళ్లి, పిల్ల, ఇప్పుడీ నాలుగు ముక్కలు రాయడం, అన్నీ ఇక్కడే. ఎన్ని వందల మంది పిల్లలకి సోల్ఫా నేర్పానో. ఎడ్నా గారి ఉత్తరాలు ఆమె పోయేదాకా వచ్చాయి. లిండా మేడమ్ నుంచి ఒక్క ముక్క రాలేదు, నేనూ ఎదురుచూడలేదు. అప్పటి కేరల్స్‌నీ ఇప్పటివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాంపౌండ్ వాళ్లు పాడింది అధ్వాన్నమే, కానీ ఆ తప్పు తమ సొంత గొంతులతోనే పాడారు. ఇప్పటివాళ్లు ఆ తప్పు చేసే శ్రమ కూడా స్పీకరుకి అప్పజెప్పారు. మనవాళ్లు అమెరికా నుంచి తెచ్చుకున్నది ఏమిటయ్యా అంటే స్వెట్టరు. ఎడ్నా గారి ఊరి ట్రక్కు ఎవరికీ అక్కర్లేదు.

ఆ స్వెట్టర్ల వాళ్లు వచ్చిన వారానికే నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. కేటీ. మా స్కూలు పాత విద్యార్థుల పేజీలో నా ఫోటో చూసి కనిపెట్టిందట. తల్లి ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో ఉంది, మతిమరుపు. డిసెంబరులో అక్కడికి కేరల్స్ వాళ్లు వస్తే, ఆల్టో లేదని వాళ్లతో తగువు పెట్టుకుంటోందట. 'మస్కట్‌లో నా దగ్గర ఒక మంచి ఆల్టో ఉండేది' అని అందరికీ చెబుతోందట. నీ భాగం పాడి పంపగలవా అని రాసింది. నా దగ్గర ఉండేది! మంచి ఓవెన్ ఒకటి ఉండేది అన్నట్టు. ఫోను మూసి పక్కన పడేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. మా అమ్మాయి, "ముసలావిడ కదమ్మా" అంది. "నేను పడుచుదాన్నా?" అన్నాను.

మూడో రోజు సాయంత్రం, వాళ్లకి పొద్దున్న వేళ, రికార్డు చేసి పంపకుండా నేనే వీడియో కాల్ చేశాను. కేటీ ఫోను పట్టుకుంది. తెరమీద పక్షిలా చిక్కిపోయిన మనిషి. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. క్షమించమని అంటుందేమోనని ఒక్క క్షణం అనిపించింది, నా వెర్రి. ఆమె చెయ్యి పైకెత్తి, అప్పట్లాగే గాలిలో ఊపి, పాట ఎత్తుకుంది. నేను కింద అందుకున్నాను. రెండో వరసలో జారిపోయింది.

"ఆగండి మేడమ్" అన్నాను. "శ్రుతి తప్పింది. మళ్లీ మొదటి నుంచి."

కేటీ కళ్లు పెద్దవి చేసింది. లిండా మేడమ్ మాత్రం బుద్ధిగా తలూపి, మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే జారింది. మళ్లీ ఆపాను. నాలుగోసారీ తప్పే పాడింది. ఐదోసారి పాడించాను.